నీటి నడుమ విజయపురి

ఒకప్పుడు లోయ నడుమ నిలిచిన కొండ నేడు నీటి నడుమ నిలిచిన దీవి యైనది. నాగార్జునకొండ చరిత్రమంతయు నీ యొక్క వాక్యములో నిమిడియున్నది. పల్నాటి పడమటి కొసను, మాచర్లకు సమీపమున, కృష్ణానది కుడియొడ్డున నీ కొండ కలదు. మూడువైపుల నల్లమల కొండల వరుసలును, నాలుగవవైపున నదియు కోటగోడలవలె కాచిన యా లోయలో క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధానియగు విజయపురి వెలసెను. ఇరువదవ శతాబ్దమున నదే లోయలో నాగార్జునసాగరము నిండెను. నగరము నీటి పాలయ్యెను. కొండకొన మాత్రము మిగిలెను. ఆ నీరే గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల మెట్టపొలములకు కాలువయై వచ్చుచున్నది. కావున మిరపతోటకు నీరు కట్టు రైతునకును, ఆ మిరపకాయను వంటయింట వాడుకొను గృహిణికిని ఈ దీవితో సంబంధము కలదు. ఆ సంబంధమెట్టిదో విచారించుటయే యీ వ్యాసమునకు ఉద్దేశము.

గడచిన మాఘమాసమున మేము అయిదుగురు మిత్రులము ఒక దినమున నాగార్జునకొండకు పోయి వచ్చితిమి. అందఱమును కుడికాలువ క్రింది యొక పల్లెలో నొకే బడిలో చదువుకొన్నవారము. మాలో నిరువురు నేటికిని సేద్యము చేయుచున్నారు. ఒకరు పంతులుగా పనిచేసి విరమించినవారు. ఒక సోదరి చిరకాలము వైద్యశాలలో నర్సుగా నుండినది. కొండ మాకు క్రొత్తది కాదు. 1966 లో కొండపై ప్రదర్శనశాల తెఱవబడిన పిమ్మట మా బడివారు మమ్ము ఏటేట నచ్చటికి తీసికొనిపోవుచుండిరి. పులిహోర పొట్లములు, లాంచీలో ముందువరుసకై త్రోపులాట, మెట్లపై పరుగుపందెములు, ఇవియే నాటి జ్ఞాపకములు. అప్పటికి మాకది వనభోజనముల తావు. ఏబదియేండ్ల తరువాత, తలలు నెరసినవారమై, ఆ ఱాళ్లు చెప్పు సంగతులను వినవలెనను కోరికతో బయలుదేఱితిమి.

సత్తెనపల్లి దాటినది మొదలు బాటకిరువైపుల కల్లములలో మిరపకాయ లారుచుండెను. స్త్రీలు ముఖములకు గుడ్డలు చుట్టుకొని తాలుకాయలు ఏఱుచుండిరి. పత్తిచేలలో కడపటి తీతలు సాగుచుండెను. పిడుగురాళ్ల చేరునప్పటికి సున్నపుబట్టీల పొగ కానవచ్చెను. అప్పుడు మా పంతులుగారొక మాట చెప్పిరి. విజయపురి శిల్పములు చూచువారు వానిని చలువరాతివని తలతురు. కాని యవి పల్నాటి సున్నపురాతివే. ఈ నేలలోని రాయి యొక కాలమున బుద్ధుని ముఖమైనది. ఒక కాలమున మన యిండ్లగోడలకు వెల్లయైనది. ఱాతిలో భేదము లేదు, చేతిలోనే భేదమని ఆయన యనగా, మా సేద్యగాడైన మిత్రుడు నవ్వి, నీటి సంగతియు నంతియే యనెను.

నీటి సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. నేడు పచ్చగా కనబడు నీ మెట్టసీమలు వానదేవుని దయపై బ్రతికినవి. 1832-33 లో, నందన సంవత్సరమున, వచ్చిన కఱవును మన పెద్దలు డొక్కల కరువని పిలిచిరి. నాటి గుంటూరుజిల్లా జనము అయిదులక్షలని లెక్క. అందు రమారమి రెండులక్షలమంది యా కఱవునకు బలియైరి. ఆ ఘోరమును చూచిన పిమ్మటనే నదులకు ఆనకట్టలు కట్టవలెనను మాట బలపడెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియయ్యెను. డెల్టా పల్లెలు వరిపండు సీమ లయ్యెను. కాని యానకట్టకు ఎగువనున్న పల్నాడునకుగాని, మెఱకనున్న నరసరావుపేట, వినుకొండ, దర్శి ప్రాంతములకుగాని యా నీ రెక్కలేదు. కృష్ణ తమ పొలిమేరలోనే పాఱుచుండగా పల్నాటివారు జొన్నయు సజ్జయు చల్లి ఆకాశమువంక చూచుచు మఱి నూఱేండ్లు గడపిరి.

ఆ కొఱతను తీర్చుటకై నందికొండయొద్ద ఆనకట్ట కట్టవలెనని యాందోళనము నడచెను. ముక్త్యాల రాజాగారగు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు అందు అగ్రగణ్యులు. 1952 లో ఏర్పడిన ఖోస్లా సంఘము ఆ స్థలమును పరీక్షించి అనుకూలముగా చెప్పెను. అప్పటికి ఆంధ్రము వేఱు, హైదరాబాదు వేఱు. నది కిరుగట్టుల నున్న యా రెండు రాష్ట్రములకును ఉమ్మడిపనిగా 1955 డిసెంబరు 10 వ తేదిని నెహ్రూగారు శంకుస్థాపనము చేసిరి. యంత్రములు తక్కువ, మనుష్యులు ఎక్కువ. వేలకొలది కూలీలు ఱాయి మోసి, ఱాయిపై ఱాయి పేర్చి, ఆ మహాసేతువును లేపిరి. 1967 ఆగస్టు 4 వ తేదిని ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువకు జవహరు కాలువయని పేరు. నిడివి 203 కిలోమీటర్లు. దానిక్రింద 11 లక్షల ఎకరములకు పైగా పారుదలకు ఏర్పడినవి. మా మిత్రుని తండ్రి యా తొలినీరు తమ పొలమునకు వచ్చిననాడు కాలువగట్టున కొబ్బరికాయ కొట్టి, నీటిని దోసిట పట్టుకొని, చాలసేపు మాటలాడక నిలుచుండెనట. డొక్కల కరువు కథలు వినుచు పెరిగినవారికి గాని యా మౌనము అర్థము కాదు.

ఆ దోసెడు నీటికి వెల యేమి? విజయపురి దక్షిణమున లాంచీ యెక్కి, పదునొకండు కిలోమీటర్ల దూరము ఇంచుమించు గంటసేపు జలాశయముపై పోవుచుండగా మాకు ఈ ప్రశ్న తోచెను. చుట్టును నీలపు నీరు, దూరమున కొండలు. నేత్రానందకరమైన దృశ్యమే. కాని మా నర్సు సోదరి కన్నులు కొండలవైపు లేవు, నీటివైపే యుండెను. ఆమె తల్లి పుట్టినది ఆ లోయలోని యొక చిన్నపల్లె. పొలమునకు పరిహారము పుచ్చుకొని యా కుటుంబము గుంటూరుసీమకు వలసవచ్చినది. "అమ్మ పుట్టిల్లు ఎక్కడనో చూపగలరా?" అని ఆమె లాంచీ నడుపువానిని అడిగెను. అతడు చేయి చాచి, నీటిపై నొకవైపు చూపి, "ఆ వైపు అంటారమ్మా, మా నాయనకు తెలుసు, నాకు తెలియదు" అనెను. తరువాత నామె యేమియు నడుగలేదు.

ఆ నీటి యడుగున నున్నది ఒక్క పల్లె కాదు. అనేక యుగముల జనపదము. శిలాయుగపు పనిముట్లు మొదలు పదునాఱవ శతాబ్దమువఱకు మనుష్యు లక్కడ బ్రతికిన గురుతులు దొరికినవి. అందు మిక్కిలి వెలిగినది ఇక్ష్వాకుల కాలము. శాతవాహనుల యనంతరము వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఈ రాజ్యమును స్థాపించెను. అతడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసెననియు, బంగారమును, గోవులను, నాగళ్ల లెక్కన భూములను దానమిచ్చెననియు శాసనములు చెప్పుచున్నవి. అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, తరువాత రుద్రపురుషదత్తుడు. నాలుగవ శతాబ్దారంభమున వారి యేలుబడి ముగిసెను. ఏలినది నూఱేండ్లకు మించదు. కాని వారు విడిచిన ఱాతివ్రాత పదునేడు శతాబ్దములు నిలిచినది.

ఆ వ్రాతను చదివినవారికి ఆశ్చర్యము కలిగించు సంగతి యొకటి కలదు. రాజు వైదికయజ్ఞములు చేసెను. ఆ రాజు ఇంటి యాడువారు బౌద్ధవిహారములు కట్టించిరి. శాంతమూలుని చెల్లెలు శాంతిశ్రీ, వీరపురుషదత్తుని యాఱవ రాజ్యవర్షమున మహాచైత్యమును పునరుద్ధరించినది. 106 అడుగుల అడ్డుకొలత గలిగి, పునాది బండిచక్రమువలె ఆకులు తీర్చబడిన స్తూపమది. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవి యొక విహారము కట్టించెను. వనవాసి రాజునకిచ్చిన కూతురు కొడబలిశ్రీ పుట్టింటికి వచ్చి మఱియొక విహారము కట్టించెను. మేనఱికములును ఆ శాసనములలో కానవచ్చుచున్నవి: వీరపురుషదత్తుడు మేనత్తల కూతుండ్రను పెండ్లాడెను. శాంతిశ్రీ యతనికి మేనత్తయు నత్తయు నైనది. మన యిండ్లలోని వావివరుసలు ఇంత పురాతనములని యెఱుగుట ముచ్చటయే కదా.

విష్ణ్వాలయములకును ఆ నగరమున స్థానముండెను. అష్టభుజస్వామి విగ్రహమును మేడికొయ్యతో చేయించి నిలిపిన శాసనము 278 వ సంవత్సరమునకు చెందినదని పండితులు నిర్ణయించిరి. కార్తికేయుడు, హారీతి, బుద్ధుడు, విష్ణువు ఒకే పేటలో పూజలందుకొనిరి. భర్తది యొక మతము, భార్యది యొక మతము, ఇల్లు మాత్రమొకటి. నేడు మతముపేర నిరుగుపొరుగులు మాటలు మానుకొను కాలమున ఈ సంగతి మనకు పురావస్తువు కాదు, పాఠము.

ఇంతకును రాణులకంటె మా మనస్సున నిలిచినది బోధిశ్రీ. ఈమె రాచకూతురు కాదు. ఒక గృహస్థుని భార్య, ఉపాసిక. వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యవర్షమున శ్రీపర్వతముపై సింహళదేశపు భిక్షువులకై ఈమె చైత్యగృహము కట్టించెను. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, యవన, ద్రావిడ దేశములకు ధర్మము చేర్చినవారని యా శాసనము ఆ సింహళాచార్యులను కొనియాడుచున్నది. సింహళవిహారమున బోధివృక్షమునకు గుడియు, ఒక చెఱువును, నేటి ఘంటసాలయని చెప్పబడు కంటకసెలయందు ఱాతిమంటపమును ఆమె దానములలోనివి. దాన ఫలమును ఆమె తన కొక్కతెకే కోరుకొనలేదు. భర్త, అత్తమామలు, మఱదులు, ఆడుబిడ్డ, వారి బిడ్డలు, తన పుట్టింటివారు, అందఱ పేర్లను వరుసగా చెక్కించినది. ఒక కుటుంబపు ముచ్చట పదునేడువందల యేండ్లు ఱాతిపై నిలిచినది. ధనమును తన యిచ్చవచ్చిన పనికి వినియోగించు స్వాతంత్ర్యము కొందఱు స్త్రీలకైనను నాడుండెనని యీ శాసనములవలన ఊహింపవచ్చును. తండ్రియాస్తిలో కూతునకు కొడుకుతో సమానముగా పాలిచ్చు చట్టము మన రాష్ట్రమున 1986 లో వచ్చినదని తలచినచో, నడుమ గడచిన కాలమున మన మెంత వెనుకకు పోయితిమో తెలియును.

ఈ మహానగరము చెట్లక్రింద పడియుండగా దానిని మరల లోకమునకు చూపినవాడు ఒక బడిపంతులు. 1926 లో సూరపరాజు వెంకటరామయ్యగా రచ్చటి ఱాతిస్తంభములను చూచి, ఇవి సామాన్యములు కావని గ్రహించి, మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. శాసనశాఖనుండి రంగస్వామి సరస్వతిగారు వచ్చి పరీక్షించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగుహర్స్టుదొర త్రవ్వించెను. 1938 లో టి. ఎన్. రామచంద్రన్ గారు మరల త్రవ్వించిరి. డచ్చి పండితుడు వోగెల్ శాసనములను చదివి ప్రకటించెను. మహాచైత్యమున దొరికిన బంగరు భరిణెలోని ధాతుశకలము సారనాథమునకు పంపబడి యచ్చటి మూలగంధకుటీ విహారమున నుంచబడినది. ఆ పంతులుగారు తన దారిన తాను పోయియుండినచో ఈ కథయంతయు నీటిక్రింద నజ్ఞాతముగా నుండెడిది. ఈ మాట విని మా పంతులుగారు కొంచెము నిటారుగా కూర్చుండిరి, మేము నవ్వితిమి.

ఆనకట్ట నిశ్చయమైన పిమ్మట చిక్కు వచ్చినది. నీరు కావలెనా, నగరము కావలెనా? 1954 లో ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున పురావస్తుశాఖవారు లోయనంతను త్రవ్వనారంభించిరి. నీరు వచ్చులోపల పని ముగియవలెను. ఆఱేండ్లలో నూటికి పైగా స్థలములు వెలికివచ్చెను. బౌద్ధవిహారములే ముప్పదికి మించెను. మెట్ల వరుసలతో కూడిన రంగస్థలము, అశ్వమేధమునకు చెందిన స్నానకుండము, నదియొడ్డున ఱాతి స్నానఘట్టము బయల్పడెను. తొమ్మిది కట్టడములను ఱాయి ఱాయిగా విప్పి కొండపై మరల కట్టిరి. పదునాలుగింటికి తూర్పుగట్టున అనుపుయొద్ద ప్రతిరూపములు నిర్మించిరి. ఆ రంగస్థలము నేడచ్చటనే చూడవలెను. ఈజిప్టుదేశమున ఆస్వాను ఆనకట్టవలన మునుగనున్న ఆబూ సింబెల్ ఆలయములను 1964-68 లలో లోకమంతయు చందాలు వేసికొని పైకెత్తినప్పుడు పత్రికలన్నియు ప్రశంసించినవి. అట్టిపనిని అంతకు ముందే మనవారు పల్నాటి యెండలలో చేసిరి.

కొండపై దిగిన పిమ్మట మేము చిన్ననాటి గురుతులకై వెదకితిమి. మెట్లు అవియే, మా మోకాళ్లు మాత్రము వేఱు. రెడ్డిరాజుల కాలమునాటిదని చెప్పు కోటగోడ యట్లేయున్నది. స్తూపమునకు నాలుగుదిక్కుల అయిదేసి ఆయక స్తంభములుండుట కృష్ణాతీరపు స్తూపముల ప్రత్యేకత. బుద్ధుని జననము, గృహత్యాగము, జ్ఞానోదయము, తొలి బోధ, నిర్యాణము అను నయిదు ఘట్టములకు అవి గుఱుతులు. చిన్ననాడు మేము దాగుడుమూతలాడిన స్తంభముల యర్థమిది యని తెలిసి కొంతసేపు వాని నీడను కూర్చుంటిమి. ప్రదర్శనశాలలో మనుష్యుని మించిన యెత్తున నిలిచిన బుద్ధుడు చిన్ననాడు మాకు భయము గొలిపెడివాడు. ఇప్పుడు చూడగా నా ముఖమున చిఱునగవు కనబడినది.

స్నానఘట్టము మెట్లపై కూర్చుండి, తెచ్చుకొన్న భోజనము చేసితిమి. పండుమిరప పచ్చడి మా రైతుమిత్రుని యింటిది. ఆ పచ్చడి కలుపుకొనుచు మా సోదరి యన్నమాట మఱవరానిది: "బోధిశ్రీ తనవాళ్ల పేర్లన్నీ రాతిమీద చెక్కించుకొంది. మా అమ్మ ఊరివాళ్ల పేర్లు ఎవరు చెక్కిస్తారు?" ఎవరును బదులు చెప్పలేదు. ఱాళ్లను కొండపైకి చేర్చుటకు పండితులు వచ్చిరి. మనుష్యులు తమ సామానును బండ్లకెత్తుకొని తమంతట తామే పోయిరి. ఱాళ్లకు సంఖ్యలు వేసి మరల పేర్చిరి గాని, ఒక వీధివారిని మఱియొక యూర నదే వరుసలో ఎవరును పేర్చలేదు. ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెము మొదలగు పల్లెల పేర్లు పురావస్తు గ్రంథములలో త్రవ్వకముల స్థలములుగా కానవచ్చును; అచ్చట పొయ్యి రాజేసినవారి పేర్లు వారి మనుమల నోటనే యున్నవి, ఆ మనుమలును ముసలివారగుచున్నారు.

ఆనకట్ట కట్టకుండవలసినదని మేమనము. డొక్కల కరువు నెఱిగిన నేలకు నీరు తెచ్చుట పుణ్యకార్యమే. పురాతన నగరముకొఱకు బ్రతికియున్న రైతును ఎండగట్టుట ధర్మము కాదు. కాని యొకరి కొఱకు మఱియొకరు విడిచినది దానము. దానము పుచ్చుకొన్నవాడు దాత పేరు చెప్పుకొనుట మన సంప్రదాయము. మన కల్లములోని ప్రతి మిరపబస్తాలోను, మన చేలలోని ప్రతి పత్తిబుట్టలోను ఆ లోయవారి పాలు కొంత కలదు. మన మా పేరు చెప్పుకొనుచున్నామా?

కావున చదువరులకు మా మనవి యిది. కుడికాలువ క్రింది ప్రతి గ్రామమునందును, బడిగోడమీదనో గ్రంథాలయము ముందరనో, ఈ నీటికై మునిగిన పల్లెల పేర్లను వ్రాయింపుడు. అందుకు పెద్దవ్యయము పట్టదు. ఆ పల్లెలనుండి వచ్చిన వృద్ధులు మీ యూర నున్నచో వారి నోటి మాటను పిల్లలచేత వ్రాయింపుడు. ఒక బడిపంతులు కన్ను తెఱచినందున నొక నగరము దొరికినది, ఒక బడిపిల్ల కలము పట్టినచో నొక పల్లె దొరకవచ్చును. పిల్లలను నాగార్జునకొండకు తీసికొనిపోవునప్పుడు ముందురాత్రి యింటిలో శాంతిశ్రీ, బోధిశ్రీల కథ చెప్పుడు. ఆడుపిల్లలకు మఱింత శ్రద్ధగా చెప్పుడు. కాలువనీటిని వృథా చేయకుడు. చివరి పొలమువానికి చేరనిచ్చుటయే యా లోయవారికి మనము చెల్లింపగల మొదటి వాయిదా.

మా సోదరి యింటికి వచ్చిన మఱునాడే తన తల్లివలన విన్న పేర్లను జ్ఞాపకము తెచ్చుకొని యొక పుస్తకములో వ్రాయ మొదలిడినది. ఇంటిపేర్లు, వీధులు, బావులు, పొలాల పేర్లు, ఊరి వేపచెట్టు. ఇప్పటికి నలువదిరెండు పేర్లు కూడినవి. మిగిలినవారు మిగిలిన పేర్లు వ్రాసి పంపవలెనని ఆమె వలసవచ్చిన చుట్టములందఱకు జాబులు వ్రాయుచున్నది.